పత్తి కట్టె, మిరప కట్టెతో 60 ఫ్లాట్లకు వేడి నీళ్ళు: లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ చెడుతుంది

అడిగిన ప్రశ్న ఇది. గుంటూరు గోరంట్ల వైపు 5 అంతస్తుల అపార్ట్‌మెంటు, 60 ఫ్లాట్లు. బిల్డర్ మేడ మీద సోలార్ హీటరు పెట్టి ప్రతి ఫ్లాటుకూ వేడి నీళ్ళ లైను ఇచ్చాడు. బోరు నీళ్ళ సున్నం పేరుకుని గొట్టాలు మూసుకుపోయాయి, సోలార్ మూలన పడింది, అందరూ గీజర్లకు దిగారు. సత్తెనపల్లి దగ్గర పొలం ఉన్న ఒక ఫ్లాటు వారు పత్తి కట్టె, మిరప కట్టె ఊరికే ఇస్తామంటున్నారు. చేలో తగలబెట్టే బదులు ఆ కట్టెతో నీళ్ళు కాచి పాత లైనులోకి పంపొచ్చా అని అసోసియేషన్ అడుగుతోంది.

పంపొచ్చు. పొయ్యి దొరకడం కష్టం కాదు, నీళ్ళు కాగడం కష్టం కాదు. పని చెడేది మూడు చోట్ల: కట్టెలో తడి, గోడల్లో తిరిగే గొట్టం, పొగ గొట్టం ఎత్తు. ఈ మూడూ తేల్చుకోకుండా పొయ్యికి అడ్వాన్సు ఇవ్వకండి.

ముందు ఎంత వేడి కావాలో చూద్దాం. ఫ్లాటుకు రోజుకు 60 డిగ్రీల నీళ్ళు 100 లీటర్లు వేసుకుంటే నలుగురి స్నానాలకు, కాస్త వంటింటికి సరిపోతాయి. 60 ఫ్లాట్లకు 6,000 లీటర్లు. డిసెంబరు, జనవరిలో ట్యాంకు నీళ్ళు తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర ఉంటాయి. 35 డిగ్రీలు పెంచాలంటే 2,10,000 కిలోకేలరీలు, అంటే 244 యూనిట్ల కరెంటుతో సమానం. ఇది కుళాయి దగ్గర అందాల్సిన వేడి. దారిలో పోయేది దీనికి అదనం.

దారిలో పోయేది చిన్న మొత్తం కాదు. వేడి నీళ్ళ లైను మేడ మీది నుంచి దిగి, చుట్టూ తిరిగి వచ్చేసరికి 400 మీటర్లు ఉంటుందనుకోండి. అంగుళంపావు గొట్టం, లోపల 55 డిగ్రీల నీళ్ళు, బయట 25. గొట్టానికి ఏ తొడుగూ లేకపోతే మీటరుకు సుమారు 40 వాట్ల వేడి గాలిలో కలుస్తుంది. మొత్తం 16 కిలోవాట్లు. సర్క్యులేషన్ పంపు 24 గంటలూ తిరిగితే రోజుకు 384 యూనిట్లు. స్నానాలకు వాడే వేడి కంటే గోడలను కాచే వేడి ఎక్కువన్నమాట. అదే గొట్టానికి 25 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు తొడుగు వేస్తే మీటరుకు 10 వాట్లకు దిగుతుంది. పంపును తెల్లవారి 5 నుంచి 9.30 దాకా, సాయంత్రం 6.30 నుంచి 9 దాకా టైమరు మీద నడిపితే రోజు నష్టం 28 యూనిట్లే. కాబట్టి మొదటి ఖర్చు పొయ్యి మీద కాదు, షాఫ్టుల్లో కనిపించే గొట్టం మీద పెట్టండి. గోడలో పూడ్చేసిన ముక్కను ఏమీ చేయలేం. షాఫ్టు, మేడ, స్టిల్ట్ కప్పు కింద కనిపించేదంతా తొడగండి. మేడ మీద ఎండ తగిలేచోట రబ్బరు ఏడాదిన్నరలో పొడిపొడిగా రాలిపోతుంది, దాని మీద అల్యూమినియం రేకు చుట్టాలి.

ఇక కట్టె. రైతు భాషలో "ఎండిన కట్టె" అంటే నెల రోజులు చేలో పడున్న కట్టె. పొయ్యికి అది చాలదు. పూర్తిగా ఎండిన పత్తి కట్టె కిలోకు నికరంగా 4,000 కిలోకేలరీలు ఇస్తుందనుకుంటే, 10 శాతం తడి ఉన్నప్పుడు 3,540 అవుతుంది. 20 శాతం తడికి 3,080, 30 శాతానికి 2,620. పీకిన వెంటనే సగానికి సగం తడి ఉండే కట్టె 1,700 కూడా ఇవ్వడం కష్టం. కారణం రెండు విధాలు. కిలోలో కట్టె తగ్గి నీరు పెరుగుతుంది, ఆ నీరు ఆవిరి కావడానికి మళ్ళీ కిలోకు 600 కిలోకేలరీల దాకా తింటుంది. అంతకంటే పెద్ద నష్టం లెక్కలో కనపడదు: తడి కట్టె పొయ్యి కడుపును చల్లబరుస్తుంది, కట్టెలోంచి వచ్చే గ్యాసు కాలకుండానే తెల్లటి పొగగా గొట్టం ఎక్కి అక్కడ తారుగా గడ్డకడుతుంది.

15 శాతం తడి దాటిన కట్టెను దించుకోకండి. చూసే పద్ధతి: బొటనవేలంత లావు పుల్లను విరిస్తే ఫట్టుమని రెండు ముక్కలవ్వాలి, బెరడు సాగకూడదు. అనుమానం ఉంటే సంచి మధ్యలోంచి తీసిన కిలో ముక్కలను ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా తూస్తూ ఉండండి. 850 గ్రాముల దగ్గర ఆగితే తడి 15 శాతం. సంచి పైభాగంలోంచి తీసి పరీక్షించకండి, పైన ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

మన ప్రాంతంలో చిక్కు కాలంతో వస్తుంది. పత్తి చివరి తీత జనవరి, ఫిబ్రవరికి అయిపోతుంది. మిరప కోతలు మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి. కట్టె దొరికేది అప్పుడు, వేడి నీళ్ళు కావాల్సింది నవంబరు నుంచి. మధ్యలో నైరుతి వానలు, ఆ వెనక అక్టోబరు తుపాన్లు. అందుకని పల్నాటి ఏప్రిల్, మే ఎండలను పూర్తిగా వాడుకోవాలి. కట్టెను గట్ల మీద నిలువుగా ఆనించి ఎండబెట్టి, మే ఆఖరుకల్లా ట్రాక్టరు వెనక తిరిగే ఇరుసుకు (పీటీఓ) తగిలించే ష్రెడ్డరుతో ముక్కలు చేయించి, తొలకరికి ముందే కప్పు కిందికి చేర్చాలి. పత్తి కట్టెకు ఇంకో తొందర కూడా ఉంది. మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు బతికి ఉండి వచ్చే పంటకు ఎక్కుతుంది. కట్టెను కుప్పలుగా చేల పక్కన దాచొద్దని వ్యవసాయ శాఖ చెప్పేది అందుకే. ముక్కలు కొట్టిస్తే ఆ బెడద చాలావరకు పోతుంది. ఎండబెట్టే ముందు అంటుకుని ఉన్న కాయలు దులిపి నాశనం చేయమనండి.

ముక్క చేయకుండా కట్టెను కట్టెగా గుంటూరు తేవడం దండగ. విడి కట్టె ట్రక్కు నిండా వేసినా టన్ను తూగదు, డీజిలంతా గాలిని మోయడానికే పోతుంది. ముక్కలైతే ఘనమీటరుకు 150 కిలోల దాకా పడుతుంది.

పత్తి మొక్కను వేళ్ళతో పీకుతారు. వేరుకు నల్లరేగడి మట్టి పిడికెడు అంటుకుని వస్తుంది. శుభ్రమైన పత్తి కట్టెలో బూడిద 3 నుంచి 5 శాతం. మట్టితో కలిస్తే 10 దాటిపోతుంది, ఆ మట్టి పొయ్యి కడుపులో కరిగి కట్టె నిలిచి మండే ఇనుప జాలీ మీద గాజు పెంకులా అతుక్కుంటుంది. సందులు మూసుకుపోయి కింది గాలి ఆగుతుంది, మంట నల్లబడుతుంది, ఆపరేటరు ఇనుప ఊచతో పొడిచి పొడిచి జాలీ విరగ్గొడతాడు. దీనికి మందు పొయ్యి దగ్గర లేదు, చేలోనే ఉంది. కట్టె ఎండాక వేరు మొదలును నేలకేసి రెండు దెబ్బలు కొట్టాలి, లేదా మొదలు జానెడు వదిలేసి పైది మాత్రమే ముక్క చేయాలి. ఊరికే ఇచ్చే కట్టెకు ఈ షరతు పెట్టడానికి మొహమాటపడకండి.

మిరప కట్టెకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. చెట్టుకు మిగిలిపోయిన తాలుకాయలు కట్టెతో పాటు పొయ్యిలో పడితే ఆ ఘాటు ఐదో అంతస్తు దాకా వెళ్తుంది. పొయ్యి బాగా రగిలి ఉన్నప్పుడు కాలిపోతుంది గానీ, వెలిగించిన మొదటి 20 నిమిషాల్లో అది కాలదు, కళ్ళల్లోకి వస్తుంది. మిరప కట్టెను వెలిగించడానికి ఎప్పుడూ వాడకండి. పత్తి కట్టెతో పొయ్యి ఎర్రబడ్డాక, మూడు వంతుల పత్తికి ఒక వంతు మిరప చొప్పున కలపండి. మల్చింగ్ షీటు ముక్కలు, డ్రిప్పు గొట్టం, పురుగుల కోసం కట్టిన పసుపు, నీలం అట్టలు కట్టెలో చిక్కుకుని వస్తాయి, ఏరించాలి. మిర్చి యార్డు నుంచి వచ్చే తొడిమలు చవగ్గా ఇస్తామని ఎవరో ఒకరు వస్తారు. కాయ పొట్టు, గింజ కలవని తొడిమలంటూ ఉండవు. ఇళ్ళ మధ్య అది వద్దు.

మిగతావి క్లుప్తంగా. గింజలు రాల్చిన మొక్కజొన్న బెండ్లు చాలా మంచి సరుకు, బూడిద 2 శాతం లోపే. తెనాలి, దుగ్గిరాల వైపు మొక్కజొన్న ఒలిచే రోజుల్లో అడగండి. వేరుశనగ పొట్టూ మంచిదే. ఊకలో బూడిద 15 నుంచి 20 శాతం, దానికి మెట్ల జాలీ ఉన్న వేరే రకం పొయ్యి కావాలి, తేలికైన బూడిద ఎగిరి ఆరేసిన బట్టల మీద పడుతుంది. వరిగడ్డి మాత్రం వద్దే వద్దు. అందులోని పొటాషియం బూడిదను తక్కువ వేడికే కరిగిస్తుంది, క్లోరిన్ గొట్టాలను తినేస్తుంది. గడ్డిని పశువులకూ పుట్టగొడుగులకూ వదిలేయండి. కట్టె అందని వారాలకు బ్రికెట్లు (పొట్టు, పొడి ఒత్తి చేసిన దిమ్మెలు) కొని పెట్టుకోవచ్చు, పొడిగా ఉన్నంతకాలం వాటికి సాటి లేదు. కానీ జిగురు లేకుండా ఒత్తినవి కాబట్టి ఒక్క వాన చినుకు తగిలినా ఉబ్బి పొడైపోతాయి.

పొయ్యి సైజు దగ్గర అమ్మేవాళ్ళ మాట నమ్మకండి. 60 ఫ్లాట్లనగానే గంటకు 2 లక్షల కిలోకేలరీలది రాసిస్తారు. మీకు కావలసింది గంటకు 60,000ది. పొద్దున 6 నుంచి 8 మధ్య వచ్చే రద్దీని పొయ్యితో కాదు, ట్యాంకుతో తట్టుకోవాలి. రోజు మొత్తం వేడి, నష్టాలన్నీ కలిపి 2,40,000 కిలోకేలరీలు. 6,000 లీటర్ల ట్యాంకులో నీళ్ళను 80 డిగ్రీలకు కాచి 40 దాకా వాడుకుంటే సరిగ్గా అంత వేడి నిలవ ఉంటుంది. రాజేసే సమయంతో కలిపి పొయ్యి 5 గంటలు మండితే చాలు. పెద్ద పొయ్యి కొంటే అది సగం సమయం మంట తగ్గించుకుని కునుకుతూ ఉంటుంది. పొగ, మసి, తారు వచ్చేది ఆ కునుకుపాటులోనే. మండితే నిండుగా మండాలి, లేకపోతే ఆరిపోవాలి. పత్తి, మిరప పొయ్యికి మధ్యస్థం లేదు.

ట్యాంకు ఇంకో మేలు చేస్తుంది. పొయ్యి తెల్లవారుజామున 3 గంటలకు రాజేయక్కర్లేదు. మధ్యాహ్నం 12 నుంచి 5 మధ్య మండించండి. చలికాలం పొద్దున గాలి కదలదు, మంచు కింద పొగ అపార్ట్‌మెంటు చుట్టూ పొరలా పరుచుకుంటుంది. మధ్యాహ్నం గాలి పైకి లేస్తుంది, పొగనూ తీసుకుపోతుంది. ట్యాంకు చుట్టూ 100 మిల్లీమీటర్ల రాక్‌వూల్ ఉంటే రాత్రికి పడిపోయేది రెండు మూడు డిగ్రీలే.

ఇప్పుడు అమరిక. పొయ్యి నీళ్ళు వేరు, స్నానం నీళ్ళు వేరుగా ఉండాలి. ట్యాంకులో 80 డిగ్రీలకు కాగే నీళ్ళు ఎప్పటికీ అవే, ఒకసారి మెత్తటి నీళ్ళు నింపి వదిలేస్తారు, సున్నం పేరుకునే మాటే ఉండదు. స్నానం నీళ్ళు ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజరు గుండా వెళ్తూ వేడెక్కుతాయి: పలుచని రేకులకు ఒక పక్క ట్యాంకు నీళ్ళు, ఇంకో పక్క స్నానం నీళ్ళు, రెండూ కలవకుండానే వేడి మారుతుంది. మీ సోలార్‌ను చంపిన సున్నం ఇక్కడ ప్లేట్లకు పడుతుంది, కాకపోతే ప్లేట్లను విప్పి కడగొచ్చు. ఒకటి కాకుండా రెండు పక్కపక్కన పెట్టించండి, ఒకదాన్ని సల్ఫమిక్ యాసిడ్‌తో కడుగుతుండగా రెండోది నడుస్తుంది. కార్పొరేషన్ నీళ్ళు వేడి లైనుకు మళ్ళించగలిగితే ఈ కడుగుడు బాగా తగ్గుతుంది.

వేరుగా ఉంచడానికి రెండో కారణం భద్రత. మేడ మీది ట్యాంకు ఒత్తిడి నేల దగ్గర చదరపు సెంటీమీటరుకు సుమారు 1.8 కిలోలు ఉంటుంది. ఆ ఒత్తిడి పొయ్యి మీద పడకూడదు. పొయ్యి వైపు నీళ్ళు గాలికి తెరిచి ఉండాలి: పొయ్యికి రెండు మూడు మీటర్ల ఎత్తున కాగి పెరిగిన నీళ్ళు పట్టే చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, దానికి నేరుగా వెళ్ళే వెంటు గొట్టం, ఆ గొట్టం మీద ఏ వాల్వూ ఉండకూడదు. ఎప్పుడో రిపేరుకు పనికొస్తుందని ప్లంబరు అక్కడ బాల్ వాల్వు బిగించేస్తాడు. ఎవరో మూసిన రోజు పొయ్యి బాంబే. బిగించి ఉంటే ఆ పూటే తీయించండి. నీళ్ళు 100 డిగ్రీల లోపే, ఒత్తిడి లేకుండా కాగుతాయి కాబట్టి 1923 నాటి బాయిలర్ల చట్టం గానీ, దాని స్థానంలో 2025లో వచ్చిన చట్టం గానీ దీన్ని బాయిలరుగా లెక్కించవు. ఆవిరి చేసేది కొంటే మాత్రం తనిఖీలు, సర్టిఫికెట్ ఉన్న ఆపరేటరు అన్నీ వస్తాయి. ఆవిరి జోలికి పోకండి.

కరెంటు పోతే గీజరు ఆగుతుంది, కట్టె పొయ్యి ఆగదు. పంపు ఆగిన పది నిమిషాలకు పొయ్యిలో నీళ్ళు మరగడం మొదలెడతాయి. పొయ్యికీ ట్యాంకుకూ మధ్య నీళ్ళు తిప్పే ప్రైమరీ పంపును ఇన్వర్టరు మీద పెట్టండి, పొగ లాగే ఫ్యాన్ ఆగగానే డ్యాంపరు (పొగ దారిలోని మూత) దానంతటదే తెరుచుకునేలా బరువు కట్టించండి. పొయ్యికీ ట్యాంకుకూ మధ్య అంతా ఇనుప గొట్టమే ఉండాలి, సీపీవీసీ ప్లాస్టిక్ గొట్టం ఒక్క ముక్క కూడా వద్దు. స్నానం వైపు సీపీవీసీ బాగానే ఉంటుంది, కానీ 30 డిగ్రీలు వేడెక్కితే 10 మీటర్లకు దాదాపు 19 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగడానికి వంపులు లేకుండా క్లాంపులు గట్టిగా బిగిస్తే రెండో చలికాలానికి ఎల్బోలు కారతాయి.

ఇంకో భాగం ఖర్చు తగ్గించడానికి తీసేయమంటారు, ఒప్పుకోవద్దు: పొయ్యికి తిరిగొచ్చే నీళ్ళను 60 డిగ్రీలకు తగ్గకుండా కలిపే మూడు దారుల వాల్వు. 40 డిగ్రీల నీళ్ళు నేరుగా పొయ్యిలోకి వస్తే లోపలి గొట్టాల మీద పొగలోని ఆవిరి చెమటలా పట్టి, మసితో కలిసి నల్లటి జిగురై ఇనుమును తింటుంది. రెండు మూడేళ్ళకే చిల్లులు పడిన పొయ్యిలు చాలావరకు ఈ వాల్వు లేనివే.

స్నానం నీళ్ళు ప్లేట్ల నుంచి 55 డిగ్రీల దగ్గర బయలుదేరాలి, తిరిగొచ్చేటప్పుడు 50కి తగ్గకూడదు. 60 డిగ్రీల నీళ్ళు 5 సెకన్లలో ఒళ్ళు కాలుస్తాయి, పసిపిల్లలకు అంత సమయం కూడా పట్టదు. మరీ తగ్గించి 40 దగ్గర ఉంచితే గొట్టాల్లో లెజియోనెల్లా లాంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. వారానికి ఒకసారి మధ్యాహ్నం, అందరికీ ముందే చెప్పి, అరగంట సేపు 60 డిగ్రీలు తిప్పండి.

పై అంతస్తు సంగతి మర్చిపోతారు. మేడ ట్యాంకు నుంచి ఐదో అంతస్తు షవరుకు ఉన్న ఎత్తు రెండు మూడు మీటర్లే. ప్లేట్లలో అంత ఒత్తిడీ పోతే చన్నీళ్ళు ధారగా, వేన్నీళ్ళు దారంలా వస్తాయి, మిక్సరు పనిచేయదు. ఒత్తిడి పెంచే బూస్టరు పంపు పెడితే వేన్నీళ్ళు మిక్సరు గుండా చన్నీళ్ళ లైనులోకి తోసుకొచ్చి ఫ్లష్ ట్యాంకులోనూ వేన్నీళ్ళే వస్తాయి. అందుకని ఎక్కువ ప్లేట్లు ఉన్న పెద్ద ఎక్స్ఛేంజరు తీసుకుని అక్కడి ఒత్తిడి నష్టం మీటరు లోపు ఉండాలని కొటేషన్‌లో రాయించండి. ప్రతి ఫ్లాటు వేడి లైను మొదట్లో నీళ్ళను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు ఒకటి వేయించండి.

పొయ్యి గదిని స్టిల్ట్ పార్కింగ్‌లో పెట్టొద్దు. కార్ల పక్కన నిప్పు, పైన పడక గదులు, మధ్యలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్. ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, రెండు వైపులా జాలీ కిటికీలతో విడి షెడ్డు వేయండి. కట్టె నిల్వను దానికీ 5 మీటర్ల ఎడంగా ఉంచండి. చలికాలం 100 రోజులకు మీకు 11 టన్నుల ముక్కలు కావాలి. ఎకరాకు టన్ను అటూ ఇటూ వస్తుంది కాబట్టి పది పన్నెండు ఎకరాల కట్టె. అంతా అపార్ట్‌మెంటులో పెట్టడానికి 20 అడుగుల చదరపు షెడ్డు కావాలి, ఎలుకలూ పాములూ చేరతాయి. పొలంలోనే రేకుల కప్పు కింద ఉంచి 15 రోజులకోసారి 1,700 కిలోలు గోతాల్లో తెప్పించుకుంటే 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గది చాలు. ముక్కల కుప్ప రెండు మీటర్ల ఎత్తు దాటకూడదు. తడి ముక్కలను పెద్ద కుప్పగా పోస్తే గడ్డివాము లాగే లోపల వేడెక్కుతుంది, బూజు పడుతుంది. ఆ బూజు పొడి ఎత్తిపోసేవాడి ఊపిరితిత్తులకు చేటు, మాస్కు ఇవ్వండి.

మండించే పని నేర్చుకుంటే వచ్చేదే. గంటకు 25 కిలోలు, అంటే 5 నిమిషాలకు రెండు కిలోలు. ఒకేసారి బుట్టెడు కుమ్మరిస్తే 10 నిమిషాలు నల్లపొగ, ఆ తర్వాత చల్లటి పొయ్యి. స్క్రూ ఫీడరు పెడితే మనిషి అక్కర్లేదంటారు. పెల్లెట్లకు (పొడిని ఒత్తి చేసిన చిన్న గుళికలకు) అది నిజం. పత్తి కట్టె బెరడు జనపనార లాంటిది, స్క్రూ చుట్టూ తాడులా పేనుకుని గంటలో బిగిసిపోతుంది. ముక్కలకు చేత్తో వేయడమో, సొరుగులా నెట్టే ఫీడరో మేలు. జాలీ కింది గాలి కంటే మంట మీది గాలి ఎక్కువ ఉండాలి, సుమారు 40కి 60. పొగ చూసి చెప్పొచ్చు: నల్లగా వస్తే పైగాలి చాలలేదు, తెల్లగా వస్తే కట్టె తడి, నీలంగా వస్తే పొయ్యి చల్లబడి తారు వస్తోంది. పొగ గొట్టం మొదట్లో ఒక థర్మామీటరు పెట్టించండి. శుభ్రంగా ఉన్నప్పుడు 180, 200 మధ్య చూపించేది 250కి చేరితే పొయ్యి లోపలి గొట్టాలకు మసి పట్టినట్టు, బ్రష్షు వేయాలి. కొత్త పొయ్యిని మొదటి మూడు రోజులు చిన్న మంటతో ఆరబెట్టకపోతే లోపలి ఇటుకలు పగులుతాయి.

రోజూ 5, 6 కిలోల బూడిద వస్తుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలో రెండు రోజులు ఉంచాకే బయట పారేయండి, పైకి చల్లగా కనిపించే బూడిద అడుగున నిప్పు కణికలు ఉంటాయి. మన నల్లరేగడి నేలలు అసలే క్షార స్వభావం ఉన్నవి, కాబట్టి కుండీలకు గుప్పెడు మించి వేయొద్దు, యూరియాతో అసలు కలపొద్దు.

పొగ గొట్టం మీ భవనం పిట్టగోడ కంటే, పక్క భవనం కంటే కూడా కనీసం 3 మీటర్లు ఎత్తుండాలి. స్టిల్ట్‌తో కలిపి 18 మీటర్ల భవనానికి 21 మీటర్ల గొట్టం, దానికి పునాది, గాలికి ఆపే తీగలు, పిడుగు తీగ. పొయ్యికీ గొట్టానికీ మధ్య బూడిద పట్టే సైక్లోను తప్పనిసరి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో గుంటూరు, విజయవాడ రెండూ ఉన్నాయి. గాలి ప్రమాణాలు అందుకోని నగరాలివి. కాబట్టి డబ్బు కట్టే ముందే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో మీ ఇంధనం, పొయ్యి సైజు రాసిచ్చి జవాబు కాగితం మీద తీసుకోండి. పక్క అపార్ట్‌మెంటు వాళ్ళతోనూ ముందే మాట్లాడండి. ఆ పొగ పీల్చేది వాళ్ళు.

ఖర్చు. ముక్కలు చేయించి, గోతాలకెత్తి, సత్తెనపల్లి నుంచి తేవడానికి కిలోకు మూడున్నర రూపాయలు అనుకుంటే రోజుకు 112 కిలోలకు 390 రూపాయలు. పూట పని మనిషికి 400. ఫ్యాను, పంపులకు 7 యూనిట్లు. మొత్తం 850, ఫ్లాటుకు 14 రూపాయలు. గీజరుతో అయితే ఫ్లాటుకు నాలుగున్నర యూనిట్లు, పై స్లాబుల్లో సగటున 8 రూపాయలు వేసుకుంటే 36. చలికాలం 100 రోజులకు అందరికీ కలిపి మిగిలేది లక్షా 30 వేలు. మార్చి తర్వాత వాడకం పడిపోతుంది, మే నెలలో చన్నీళ్ళ కుళాయిలోనే వేన్నీళ్ళు వస్తాయి. పొయ్యి, ట్యాంకు, ప్లేట్లు, గొట్టం, షెడ్డు అన్నీ కలిపి 10 లక్షలు దాటితే పెట్టుబడి తిరిగి రావడానికి ఏడెనిమిదేళ్ళు. ఇదే లైనుకు, గాలిలోని వేడిని లాగి నీళ్ళకు ఎక్కించే హీట్ పంపు తగిలిస్తే ఒక యూనిట్‌కు మూడు యూనిట్లకు పైగా వేడి ఇస్తుంది, రోజుకు 87 యూనిట్లు, 700 రూపాయలు. పొగ లేదు, మనిషి లేడు.

అందుకే నా సలహా సూటిగా చెబుతాను. మీ 60 ఫ్లాట్లు ఒక్కటే అయితే, డబ్బు కోసమే అయితే, హీట్ పంపు వైపు వెళ్ళండి. పక్క బ్లాకులు కలిసి 200 ఫ్లాట్లు దాటితే కట్టె పొయ్యి గెలుస్తుంది, ఎందుకంటే అదే మనిషి, అదే షెడ్డు, దాదాపు అంతే పొగ గొట్టం. అంతకంటే బాగా కుదిరేది వెయ్యి మంది పిల్లలున్న కాలేజీ హాస్టళ్ళకు. గుంటూరు, విజయవాడ మధ్య వాటికి కొదవ లేదు, స్నానాలకు తోడు వంటశాల ఉంటుంది, ఖాళీ స్థలమూ ఉంటుంది. సత్తెనపల్లి కట్టె చేలో కాలిపోకూడదన్న మీ తపన నాకు అర్థమవుతోంది. ఆ కట్టెను ముక్కలు కొట్టించి అలాంటి హాస్టలుకో బ్రికెట్ల మిల్లుకో చేర్చినా పొలంలో నిప్పు ఆగుతుంది.

ఏ దారి ఎంచుకున్నా ముందు చేయాల్సిన పని ఒకటే. డిసెంబరులో ఒక వారం పాత వేడి లైనులోకి వెళ్ళే నీళ్ళకు మీటరు బిగించి, వెళ్ళే చోట ఒక థర్మామీటరు, తిరిగొచ్చే చోట ఒకటి కట్టి, సోలార్ ట్యాంకులోని పాత కరెంటు కాయిల్‌తోనే నీళ్ళు కాచి తిప్పండి. ఉదయం 5 నుంచి 9 దాకా అరగంటకోసారి రాసుకోండి. రెండు థర్మామీటర్ల మధ్య తేడా 8 డిగ్రీలు దాటితే పొయ్యి కొటేషన్లు పక్కన పెట్టి గొట్టం తొడుగు కొటేషన్లు తెప్పించండి.